రౌటరుకు పాత హార్డ్‌డిస్కు తగిలించి కొట్టు లెక్కల బ్యాకప్ తీసుకోవచ్చునా?

మేతకొట్టు, పాలకొల్లు:

అందరికీ నమస్కారం. పాలకొల్లు దగ్గరలో మాకు చేపల మేత, రొయ్యల మేత అమ్మే కొట్టు ఉన్నది. ఈ వ్యాపారంలో నగదు తక్కువ, అరువు ఎక్కువ. చెరువులో పిల్ల వదిలిన నాటి నుంచి పట్టుబడి అయ్యేదాకా రైతు మేత తీసుకువెళుతూనే ఉంటాడు, సరుకు అమ్ముడై డబ్బు చేతికి వచ్చాక బాకీ తీరుస్తాడు. అందువల్ల నెలల తరబడి మాకూ రైతుకూ మధ్య ఉన్న నమ్మకమంతా మా కంప్యూటరులోని ఖాతాల మీదనే నిలబడి ఉంటుంది. రెండేళ్ల క్రితం ఆ కంప్యూటరు డిస్కు ఒక్కసారిగా పాడైపోయింది. బ్యాకప్ ఉన్న పెన్‌డ్రైవు తీసి చూస్తే పదకొండు రోజుల వెనకటి లెక్కలే ఉన్నాయి. ఆ పదకొండు రోజుల బిల్లులనూ కార్బన్ ప్రతుల నుంచి తిరిగి ఎక్కించడానికి నాకూ మా గుమాస్తాకూ వారం పట్టింది. మూడు బిల్లుల ప్రతులు దొరకనే లేదు. ఎన్ని బస్తాలు తీసుకున్నదీ ఆ ముగ్గురు రైతులే వచ్చి చెప్పారు కాబట్టి గండం గడిచింది.

పెన్‌డ్రైవు పెట్టడం మనిషి గుర్తుంచుకోవలసిన పని, మనిషి మరిచిపోతాడు. కాబట్టి దానంతట అదే జరిగే ఏర్పాటు ఒకటి కావాలని చాలా రోజులుగా ఆలోచిస్తున్నాను. మా కొట్టులోని వైఫై రౌటరుకు వెనుక ఒక యూఎస్‌బీ రంధ్రం ఉన్నది. దాని సెట్టింగుల పేజీలో ‘సాంబా షేరింగ్’ అనీ ‘ఎఫ్‌టీపీ సర్వరు’ అనీ, కంప్యూటర్ల మధ్య ఫైళ్లను అందించే పద్ధతులు రెండు ఎంపికలుగా కనిపించాయి. మా అబ్బాయి పాత ల్యాప్‌టాప్ నుంచి తీసిన 500 జీబీ డిస్కును ఒక పెట్టెలో అమర్చి దానికి తగిలించాను, రౌటరు పేజీలోనే ఫార్మాట్ చేశాను. సాంబా ద్వారా తెరవబోతే ఫైళ్లు పంచుకునే పాతకాలపు ఎస్‌ఎంబీ1 పద్ధతి కావాలని, అది సురక్షితం కాదని విండోస్ హెచ్చరించింది. ఎఫ్‌టీపీ మాత్రం పని చేసింది. రెండు కంప్యూటర్లలో కలిపి ట్యాలీ లెక్కలు, స్కాన్ చేసిన బిల్లులు, చెరువు నీటి పరీక్షల కాగితాలు అన్నీ 62 జీబీ దాకా ఉంటాయి. అవన్నీ నెమ్మదిగానే అయినా వెళ్లాయి, వేగం సెకనుకు 6 ఎంబీ చూపించింది. అయితే విండోస్ మొత్తానికి తీసిన ప్రతి ఒకే పెద్ద ఫైలుగా ఉండటంతో అది 4 జీబీ దగ్గర ఆగిపోయింది. పైగా మొన్న తెల్లవారుజామున కరెంటు పోయి వచ్చాక చూస్తే కొత్తగా వెళ్లిన ఫైళ్ల మీద 1970 జనవరి 1 అని తేదీ పడి ఉన్నది.

నా సందేహాలు మూడు. ఈ పద్ధతిని నమ్ముకోవచ్చునా, లేక వేరే పరికరం కొనవలసిందేనా? ఆ తేదీ అలా ఎందుకు పడింది, దానివల్ల నష్టం ఏమైనా ఉన్నదా? కొట్టుకు 8 కిలోమీటర్ల దూరంలో ఉన్న మా ఇంటి నుంచి కూడా ఆ డిస్కును చూడగలిగే వీలు ఉన్నదా? ఇంటర్నెట్టు పెట్టిన కుర్రవాడు రౌటరులో పోర్టు, అంటే బయటి నుంచి లోపలికి వచ్చే దారి, తెరిచేస్తే సరిపోతుందని అన్నాడు గాని, నాకు ధైర్యం చాలలేదు.

వైరుపని, భీమవరం:

మేతకొట్టు వారికి నమస్కారం. పోర్టు తెరవకుండా ఆగి మంచి పని చేశారు. దాని సంగతి చివర చెబుతాను.

ముందుగా తేదీ విషయం, ఎందుకంటే మీరు అడిగిన మూడింటిలో అసలు ప్రమాదం అక్కడే దాగి ఉన్నది. కంప్యూటరు లోపల ఒక చిన్న బొత్తాం బ్యాటరీ ఉంటుంది కాబట్టి కరెంటు లేకపోయినా దాని గడియారం నడుస్తూనే ఉంటుంది. ఇళ్లలో వాడే రౌటర్లకు సాధారణంగా ఆ బ్యాటరీ ఉండదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా వాటి గడియారం మొదటికి వెళుతుంది. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం సంప్రదాయంలో ఆ మొదలు 1970 జనవరి 1. తరువాత ఇంటర్నెట్టు అందాక సమయం చెప్పే సర్వరును అడిగి సరిచేసుకుంటుంది. మీ కొట్టులో కరెంటు వచ్చినా, లైను అవతలి పెట్టె దగ్గర ఇంకా రాకపోతే ఇంటర్నెట్టు ఉండదు, రౌటరు 1970లోనే ఉండిపోతుంది. ఆ వ్యవధిలో బ్యాకప్ నడిస్తే ఫైళ్ల మీద ఆ తేదీ పడుతుంది. ఎఫ్‌టీపీలో ఫైలును పంపే మామూలు ఆదేశం ఫైలు లోపలి సమాచారాన్నే మోసుకువెళుతుంది, దాని అసలు తేదీని మోసుకువెళ్లదు. అందువల్ల అవతలి యంత్రం తన గడియారంలో ఆ క్షణాన ఉన్న సమయాన్ని దానిమీద వేస్తుంది.

1970 అని పడితే నష్టం చిన్నదే. బ్యాకప్ సాఫ్ట్‌వేరు రెండు చోట్ల తేదీలను పోల్చి, డిస్కులోనిది పాతదనుకుని మళ్లీ మొత్తం పంపుతుంది, అంతే. గడియారం ముందుకు ఉన్నప్పుడు మాత్రం నష్టం నిజమైనది. కొన్ని రౌటర్లలో కాలమండలం మనది కాక చైనాది పెట్టి వస్తుంది, అది మనకంటే రెండున్నర గంటలు ముందు. మీరు సాయంత్రం 6 గంటలకు బ్యాకప్ తీశారనుకుందాం. డిస్కులోని ఫైలు మీద 8.30 అని పడుతుంది. ఏడింటికి మీ గుమాస్తా ఒక బిల్లును సరిచేశాడు. మరునాడు సాఫ్ట్‌వేరు చూస్తే మీ దగ్గరి ఫైలు 7 గంటలది, డిస్కులోనిది 8.30ది, కాబట్టి డిస్కులోనిదే కొత్తదని తేల్చుకుని దానిని వదిలివేస్తుంది. ఎక్కడా తప్పు జరిగినట్లు సందేశం రాదు. అందువల్ల రౌటరు పేజీలో కాలమండలం +5.30 ఉన్నదో లేదో, సమయం సర్వరు పేరు నింపి ఉన్నదో లేదో ఈ రోజే చూడండి. బ్యాకప్ సాఫ్ట్‌వేరులో కూడా సర్వరు సమయానికీ మన సమయానికీ తేడా ఎంతో చెప్పే చోటు ఒకటి ఉంటుంది. నన్ను అడిగితే ఎఫ్‌టీపీ మీద తేదీలను అసలు నమ్మవద్దు. ప్రతి రాత్రీ లెక్కల ఫోల్డరును జిప్ చేసి, ఫైలు పేరులోనే ఆ రోజు తేదీని చేర్చి పంపండి. అప్పుడు రౌటరు ఏ సంవత్సరంలో ఉన్నా మీకు బాధ లేదు, పైగా నిన్నటి ప్రతి మీద నేటి ప్రతి పడి చెరిగిపోదు.

4 జీబీ దగ్గర ఆగిపోవడానికి కారణం మీ రౌటరు ఆ డిస్కును ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేయడమే. ఆ పద్ధతిలో ఒక్కొక్క ఫైలు 4 జీబీకి మించి ఉండటానికి వీలు లేదు, డిస్కు ఎంత పెద్దదైనా సరే. డిస్కును కంప్యూటరుకు పెట్టి, విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేయండి. లినక్సు వారి ఈఎక్స్‌టీ4 వాడితే రౌటరుకు పని తేలిక అవుతుందని, వేగం పెరుగుతుందని కొందరు సలహా ఇస్తారు. ఆ మాట నిజమే. కానీ ఒకనాడు రౌటరు కాలిపోతే మీరు ఆ డిస్కును ఊడదీసి దగ్గరలో ఉన్న ఏదో ఒక విండోస్ కంప్యూటరుకు తగిలించి తెరవాలి. ఈఎక్స్‌టీ4 డిస్కును విండోస్ నేరుగా చదవదు. లెక్కలు పోయి, కొట్టు ముందు రైతులు నిలబడి ఉన్న సమయంలో కొత్త సాఫ్ట్‌వేరు వెతుక్కునే పరిస్థితి మీకు వద్దు. కొంత వేగం పోయినా ఎన్‌టీఎఫ్‌ఎస్సే మేలని నా అభిప్రాయం.

వేగం గురించి దిగులు పడవద్దు. మీ రౌటరు తీగ రంధ్రాలు 100 మెగాబిట్లవి అయితే సెకనుకు 12.5 ఎంబీకి మించి కాగితం మీద కూడా రాదు, ఆ చిన్న ప్రాసెసరుతో 6 ఎంబీ రావడం సహజమే. మొదటిసారి 62 జీబీ వెళ్లడానికి మూడు గంటలు పడుతుంది. తరువాత రోజూ వెళ్లేది రెండు మూడు వందల ఎంబీ అయితే నిమిషంలో ముగుస్తుంది. అయితే బ్యాకప్‌ను వైఫై మీద కాక తీగ మీదనే నడపండి.

సాంబా విషయంలో విండోస్ ఇచ్చిన హెచ్చరికను పాటించండి. 2017 మే నెలలో ప్రపంచమంతటా కంప్యూటర్లను తాళం వేసి డబ్బు అడిగిన వానాక్రై ఆ ఎస్‌ఎంబీ1లోని లోపం ద్వారానే వ్యాపించింది. అదే ఏడాది చివరి నుంచి విండోస్ 10 కొత్త ప్రతులలో దానిని ముందుగా పెట్టి ఇవ్వడం మానేశారు. కేవలం ఈ రౌటరు కోసం దానిని తిరిగి తెరవడం తగదు.

ఇక పోర్టు సంగతి. ఎఫ్‌టీపీలో పాస్‌వర్డు ఏ మరుగూ లేకుండా వెళుతుంది, దారిలో ఉన్నవారు ఎవరైనా చదువుకోవచ్చు. ఈ పద్ధతికి తొలి రూపాన్ని 1971 ఏప్రిల్‌లో రాసినది మనవాడే, కాన్పూరు ఐఐటీ తొలి తరగతిలో చదివి అమెరికాలోని ఎంఐటీకి వెళ్లిన అభయ్ భూషణ్. అప్పటికి ఆ నెట్‌వర్కులో ఉన్నవి గుప్పెడు విశ్వవిద్యాలయాల, పరిశోధనశాలల యంత్రాలే, దొంగల భయం లేదు. ఇవాళ 21వ పోర్టు బయటికి తెరిచి పెడితే, దానిని తడిమి చూసే యంత్రాలు రావడానికి ఎంతో సేపు పట్టదు. కొట్టు నాలుగు గోడల మధ్యనే దానిని ఉంచండి. పేరు లేకుండా ప్రవేశించే ‘అనానిమస్’ ఎంపిక తెరిచి ఉంటే మూసివేయండి.

కళాశాల ల్యాబు, కాకినాడ:

పై సమాధానంతో నేను చాలావరకు ఏకీభవిస్తాను. రెండు మాటలు మాత్రం చేర్చవలసి ఉన్నది.

మొదటిది, రౌటరుకు తగిలించిన డిస్కు వేరు, రౌటరు లోపలి నిల్వ వేరు. ఈ చర్చను చదివి ఎవరైనా రెండింటినీ ఒకటిగా అనుకునే ప్రమాదం ఉన్నది. మా ల్యాబులో ఒక విద్యార్థి మైక్రోటిక్ రౌటరులో ఎఫ్‌టీపీ ఉన్నదని చూసి, తన ప్రాజెక్టు ఫైళ్లను దాని లోపలికే పంపడం మొదలుపెట్టాడు. ఆ చిన్న రౌటరులో మొత్తం నిల్వ 16 ఎంబీ, అందులో ఎక్కువ భాగాన్ని దాని సొంత సాఫ్ట్‌వేరే ఆక్రమించి ఉంటుంది. చోటు నిండిపోయి మరునాడు రౌటరు కొత్త సాఫ్ట్‌వేరును కూడా తీసుకోలేకపోయింది. పైగా అటువంటి ఫ్లాష్ నిల్వ రోజూ రాసి చెరిపే పనికి ఉద్దేశించినది కాదు, ఎక్కువసార్లు రాస్తే అరిగిపోతుంది. అదేవిధంగా సిస్కో కంపెనీ రౌటర్లను టీఎఫ్‌టీపీ (ఎఫ్‌టీపీ కంటే చాలా సరళమైన ఫైలు పద్ధతి) సర్వరుగా మార్చే ఆదేశం ఒకటి ఉన్నది. అది తన ఫ్లాష్‌లోని ఫైలును పక్క రౌటరుకు అందించడానికే పనికివస్తుంది, బయటి నుంచి ఫైళ్లను స్వీకరించదు. టీఎఫ్‌టీపీకి పాస్‌వర్డు అనేదే లేదు. మామూలు పద్ధతిలో 512 బైట్ల చొప్పున 65,535 ముక్కలు, అంటే దాదాపు 32 ఎంబీ దాటితే లెక్కకు అందదు. కొట్టు లెక్కలకు అది దారి కాదు.

రెండవది, మీరు రౌటరు మీద ఆధారపడుతున్నప్పుడు ఆ రౌటరు సెట్టింగులకు కూడా ఒక బ్యాకప్ ఉండాలి. దాదాపు ప్రతి రౌటరు పేజీలోనూ సెట్టింగులను ఒక ఫైలుగా దింపుకునే వీలు ఉంటుంది. ఆ ఫైలు సాధారణంగా అదే నమూనా రౌటరుకే తిరిగి ఎక్కుతుంది. కాబట్టి ఇంటర్నెట్టు వారు ఇచ్చిన పేరు, పాస్‌వర్డు, కాలమండలం, ఎఫ్‌టీపీ వాడుకరి పేరు వంటివి ఒక కాగితం మీద కూడా రాసి గల్లాపెట్టెలో పెట్టండి. ఇది పాత పద్ధతిగా కనిపించవచ్చు, కానీ రౌటరు మారిన రోజున చేతికి అందేది ఆ కాగితమే.

మేతకొట్టు, పాలకొల్లు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్లే రౌటరు పేజీ తెరిచి చూశాను. భీమవరం వారు ఊహించినది అక్షరాలా నిజం, కాలమండలం +8 అని ఉన్నది. ఇన్ని నెలలూ నేను ఆ పేజీని తెరిచి కూడా ఆ వరుసను చదవలేదు. ఇప్పుడు మన సమయానికి మార్చాను. పాత ప్రతులను పోల్చి చూస్తే, సాయంత్రం బ్యాకప్ అయిన తరువాత సరిచేసి మళ్లీ ఎన్నడూ తెరవని స్కాన్ ఫైళ్లు పద్నాలుగు డిస్కులో పాత రూపంలోనే ఉండిపోయినట్లు తేలింది. ఇది తెలియకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు.

డిస్కును ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా మార్చాను, పెద్ద ఫైలు కూడా ఆగకుండా వెళ్లింది. అయితే కొత్త ఇబ్బంది ఒకటి వచ్చింది. కరెంటు పోయి వచ్చినప్పుడు డిస్కు ఒక్కొక్కసారి టిక్కుటిక్కుమని శబ్దం చేసి, రౌటరుకు కనిపించకుండా పోతున్నది. ఊడదీసి మళ్లీ పెడితే కనిపిస్తున్నది. మా వీధిలో చుట్టుపక్కల చెరువుల ఏరేటర్లన్నీ ఒకేసారి తిరిగే రాత్రివేళల్లో ఓల్టేజి బాగా పడిపోతుంది. డిస్కు చెడిపోతున్నదా, లేక కరెంటుదే తప్పా?

ఏటిగట్టు, రాజోలు:

మేతకొట్టు వారూ, ఆ శబ్దం డిస్కు చెడిపోవడానికి గుర్తు కావచ్చు గాని, మీరు చెప్పిన తీరును బట్టి ముందుగా విద్యుత్తును అనుమానించడం న్యాయం. యూఎస్‌బీ 2.0 రంధ్రం ప్రమాణం ప్రకారం ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు. ల్యాప్‌టాప్ డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణాన అంతకు దాదాపు రెట్టింపు లాగవచ్చు. కరెంటు వచ్చిన క్షణాన రౌటరు కూడా అప్పుడే లేస్తూ ఉంటుంది. దాని అడాప్టరు 12 వోల్టులు, ఒక ఆంపియరుది అయితే మొత్తం 12 వాట్లలోనే ఇద్దరూ సర్దుకోవాలి. డిస్కు తిరగలేక మళ్లీ మళ్లీ ప్రయత్నించే శబ్దమే మీరు విన్నది కావచ్చు. సొంత అడాప్టరు ఉన్న యూఎస్‌బీ హబ్బును మధ్యలో పెట్టి చూడండి, లేదా తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ పెట్టండి. రౌటరునూ హబ్బునూ ఇన్వర్టరు లైను మీదకు మార్చండి. రాస్తూ ఉండగా కరెంటు పోవడమే డిస్కుకు అన్నింటికంటే చెడు చేస్తుంది. శబ్దం అప్పటికీ ఆగకపోతే ఆ డిస్కును నమ్మవద్దు. నిజానికి ల్యాప్‌టాప్‌లో ఏళ్ల తరబడి పని చేసి విశ్రాంతి తీసుకుంటున్న డిస్కుకు కొట్టు ప్రాణాన్ని అప్పగించడం నాకు మొదటి నుంచీ ఇష్టం లేదు.

ఇంటి నుంచి చూడటం గురించి భీమవరం వారు వద్దన్నంతవరకే చెప్పారు. వీలైన దారి కూడా ఉన్నది. ముందుగా రౌటరు పేజీలో బయటి చిరునామా ఏమి ఉన్నదో చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య అంకెలతో మొదలైతే, మీ ఇంటర్నెట్టు సంస్థ అనేకమంది ఖాతాదారులను ఒకే బయటి చిరునామా వెనుక ఉంచినట్లు అర్థం. అప్పుడు ఆ కుర్రవాడు చెప్పినట్లు మీ రౌటరులో పోర్టు తెరిచినా బయటివారికి అది కనిపించదు. మన వైపు చిన్న సంస్థల లైన్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. దానికి తగిన పద్ధతి వీపీఎన్, అంటే ఇంటర్నెట్టు మీదుగా రెండు చోట్లను కలిపే మరుగైన సొంత దారి. రౌటరులో వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ఉంటే మంచిదే, కానీ ఉమ్మడి చిరునామా వెనుక ఉన్నప్పుడు రెండు వైపులనూ కలిపే మధ్యవర్తి ఒకటి కావాలి. టెయిల్‌స్కేల్ వంటి సేవలు ఆ పని చేసిపెడతాయి. కొట్టు కంప్యూటరులో ఒకటి, ఇంటి కంప్యూటరులో ఒకటి పెట్టుకుంటే, మధ్యలో వెళ్లేదంతా మరుగుపరచబడి వెళుతుంది, రౌటరులో ఏ తలుపూ తెరవనక్కర లేదు.

ఇది నేను అడుగుతున్న ప్రశ్న. మీ కొట్టు నేల ఎత్తు ఎంత? 2022 జూలైలో ధవళేశ్వరం బ్యారేజి నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలినప్పుడు మీ పక్కనే ఉన్న యలమంచిలి మండలపు లంకలు, మా రాజోలు వైపు లంకలు మునిగి ఉండటం మనమందరం చూశాము. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుపాను మా ఇంట్లో పెద్దలు నేటికీ తేదీలతో చెబుతారు. మీ ఏర్పాటులో కంప్యూటరు ఒక బల్ల మీద, రౌటరు అదే గోడకు, డిస్కు దాని కింద ఉన్నాయి. మూడూ ఒకే కరెంటు తీగ మీద, ఒకే కప్పు కింద ఉన్నాయి. పిడుగు పడినా, నీరు వచ్చినా, దొంగ వచ్చినా మూడూ కలిసే పోతాయి. అది రెండు ప్రతులు ఉన్నట్లు కాదు, ఒకే ప్రతి రెండు చోట్ల కనిపిస్తున్నట్లు. కంప్యూటరును తాళం వేసే వైరసు వచ్చినా అంతే. ఎఫ్‌టీపీ డిస్కు విండోస్‌లో అక్షరంతో డ్రైవుగా కనిపించకపోవడం కొంత మేలు గాని, పాస్‌వర్డు ఆ కంప్యూటరులోనే దాచి ఉంటుంది కాబట్టి అది పూర్తి రక్షణ కాదు.

కాబట్టి ఇంకొక డిస్కు కొనండి. ఒకటి రౌటరుకు ఉన్నప్పుడు రెండవది మరొక ఊరిలో ఉండాలి, వారానికొకసారి రెండింటినీ మార్చుకోవాలి. ఆ రెండవ ఊరు కూడా ఏటి పక్కనే అయితే ప్రయోజనం లేదు. మెట్టలో మీకు చుట్టాలు ఎవరైనా ఉన్నారా?

వైరుపని, భీమవరం:

రాజోలు వారి మాటను పూర్తిగా సమర్థిస్తున్నాను. నేను రౌటరు గడియారం గురించి అంత రాసి, కొట్టు నేల గురించి అడగనే లేదు. డిస్కు మార్చేటప్పుడు ఒక జాగ్రత్త పాటించాలి. రౌటరు పేజీలో డిస్కును సురక్షితంగా తొలగించే మీట నొక్కిన తరువాతనే దానిని ఊడదీయండి.

ఇంకొకటి. ట్యాలీ తెరిచి ఉండగా దాని ఫోల్డరును బయటి నుంచి కాపీ చేయవద్దు. సగం రాసిన స్థితిలో ఫైలు వెళ్లవచ్చు. ట్యాలీలోనే ఉన్న బ్యాకప్ ఎంపికతో ముందు కంప్యూటరులో ఒక చోటికి తీసి, దానిని మూసివేశాక ఆ ప్రతిని రౌటరుకు పంపండి. వెళ్లిన ప్రతి సరిగ్గా వెళ్లిందో లేదో చూడటానికి విండోస్‌లోనే సర్ట్‌యుటిల్ అనే ఆదేశం ఉన్నది. అది ఫైలుకు ఒక పొడవైన ముద్రసంఖ్య ఇస్తుంది. ఇక్కడి ఫైలుకూ, డిస్కు నుంచి తిరిగి దింపుకున్న ఫైలుకూ ఆ సంఖ్య ఒకటే అయితే, రెండింటికీ అక్షరం కూడా తేడా లేనట్లు. ఎఫ్‌టీపీ సాఫ్ట్‌వేరులో పంపే విధానం ‘బైనరీ’ అని ఉన్నదో లేదో కూడా చూడండి, ‘ఆస్కీ’ అని ఉంటే వరుసల చివరి గుర్తులను మార్చివేసి జిప్ ఫైళ్లను పాడుచేస్తుంది. నెలకు ఒకసారి డిస్కులోని ప్రతిని కొట్టుకు సంబంధం లేని మరొక కంప్యూటరులో తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్ కింద లెక్కించను.

మేతకొట్టు, పాలకొల్లు:

అందరికీ మరొకసారి నమస్కారం. చేసినది చెప్పవలసిన బాధ్యత నాకు ఉన్నది.

రాజోలు వారు అడిగిన ప్రశ్నకు జవాబు: మా కొట్టు నేల రోడ్డు కంటే ఒక మెట్టు ఎత్తు, అంతే. 2022లో నీరు మా వీధి చివరి దాకా వచ్చి ఆగింది. రౌటరునూ డిస్కునూ మేడ మీది గోదాములోకి, ఇన్వర్టరు లైను మీదకు మార్చాను. పాత డిస్కుకు హబ్బు పెట్టినా రెండుసార్లు అదే శబ్దం రావడంతో దానిని తీసివేసి, రెండు కొత్త ఎస్‌ఎస్‌డీలు కొన్నాను. మా అల్లుడి ఇల్లు జంగారెడ్డిగూడెంలో, మెట్టలోనే ఉన్నది. అతను ప్రతి శనివారం మా అమ్మాయిని తీసుకుని ఇక్కడికి వస్తాడు. ఒక డిస్కు అతనితో వెళుతుంది, ఒకటి వస్తుంది. ఇంటి నుంచి చూసే వీలు ప్రస్తుతానికి పెట్టుకోలేదు. మా బయటి చిరునామా మీరు చెప్పినట్లే 100.70తో మొదలవుతున్నది. అత్యవసరమైతే వీపీఎన్ గురించి అప్పుడు ఆలోచిస్తాను.

తెరిచి చూసే పరీక్ష కూడా అయ్యింది. మొదటి శనివారం డిస్కును అల్లుడి ల్యాప్‌టాప్‌కు తగిలించి, అతని ట్యాలీలో మా లెక్కలను ఎక్కించమన్నాను. గురువారం ప్రతి చక్కగా తెరుచుకున్నది. శుక్రవారం ప్రతి తెరుచుకోలేదు. ముద్రసంఖ్యలు చూస్తే కలవలేదు, డిస్కులోని ఫైలు మా దగ్గరి ఫైలు కంటే చిన్నది. శుక్రవారం రాత్రి మా గుమాస్తా బ్యాకప్ ముగియకముందే కంప్యూటరును ఆపి వెళ్లాడు. ఫైలు సగంలో తెగినా డిస్కులో పూర్తి పేరుతోనే కనిపిస్తున్నది. ఇప్పుడు ముందుగా తాత్కాలికమైన పేరుతో పంపి, మొత్తం వెళ్లిన తరువాతనే అసలు పేరుకు మార్చేలా మా అబ్బాయి చేత రాయించాను. తాత్కాలికమైన పేరుతో ఏదైనా మిగిలి ఉంటే ఆ రోజు బ్యాకప్ తెగిందని పొద్దున్నే తెలిసిపోతుంది. సమయాన్ని కూడా కొట్టు మూసే వేళ నుంచి మధ్యాహ్నం భోజనాల వేళకు మార్చాను. అప్పుడు ట్యాలీ మూసి ఉంటుంది, కంప్యూటరును ఎవరూ ఆపరు. ఓల్టేజి కూడా రాత్రి కంటే నిలకడగా ఉంటుంది. నిన్న శనివారం రెండవ పరీక్ష చేశాము, ఆరు రోజుల ప్రతులూ తెరుచుకున్నాయి.